నేలకు వైద్యం నేర్చుకుంటారా?

‘మాది చౌడు పొలం’ అంటాడు దివిసీమ రైతు. ఏ చౌడు? అసలు ప్రశ్న అదే. పాలచౌడైతే మళ్లు కట్టి, మంచినీళ్లు నిలగట్టి, మురుగు కాలువలోకి తీసేస్తే ఉప్పు కొట్టుకుపోతుంది. అక్కడ జిప్సం చల్లితే డబ్బు దండగ. కారుచౌడు అలా కాదు. జిప్సం వేయకుండా ఎన్ని నీళ్లు పెట్టినా లొంగదు. తేల్చేది మట్టి పరీక్షే. ఉదజని సూచిక 8.5 దాటి, మట్టి పట్టి ఉంచుకున్న సోడియం 15 శాతం మించితే కారుచౌడన్నమాట. ఆ లెక్క చదివి మందు చెప్పే డాక్టరే మృత్తికా శాస్త్రవేత్త.

కృష్ణా డెల్టా దిగువన ఈ డాక్టర్లకు చేతినిండా పని. 1977 నవంబరు 19న సముద్రం పొంగి ముంచెత్తిన సీమ ఇది. కాలువ చివరి పొలాలకు నీళ్లు ఆలస్యమైతే అడుగునున్న ఉప్పు పైకొస్తుంది. గుడివాడ వైపు చేపల చెరువు తవ్వాలన్నా ముందు చూడాల్సింది మట్టినే. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానమైతే చౌడును తట్టుకునే ఎంసీఎం వరి రకాలను అందించింది.

మరి దారేమిటి? ఇంటర్లో బైపీసీ. ఏపీ ఈఏపీసెట్‌ ర్యాంకుతో నాలుగేళ్ల అగ్రికల్చర్‌ బీఎస్సీ. 1945లో మొదలైన బాపట్ల కళాశాల ఎంతో దూరం లేదు. తర్వాత సాయిల్‌ సైన్స్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ. భారత వ్యవసాయ పరిశోధన మండలిలో శాస్త్రవేత్త కావాలంటే జాతీయస్థాయి నియామక పరీక్ష నెగ్గాలి. విశ్వవిద్యాలయాలు, ఎరువుల కంపెనీలు, భూసార పరీక్ష కేంద్రాల్లోనూ అవకాశాలుంటాయి.

చదువు పొడవే. కెమిస్ట్రీ మీద ఇష్టం, ఎండలో గట్ల వెంట తిరిగే ఓపిక... రెండూ కావాలి. రైతు బిడ్డలకు రెండోది కొత్తేం కాదు.