వైవిధ్య శిక్షణము - ప్రజావిశ్వాసము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉద్యోగులకు చెప్పించు వైవిధ్య శిక్షణమును గూర్చి కొన్నియేండ్లుగా వాగ్వాదము సాగుచున్నది. వేర్వేరు జాతులవారును, స్త్రీపురుషులును ఒకచోట పనిచేయునప్పుడు ఒకరినొకరు చిన్నచూపు చూడకుండుటకై చెప్పు పాఠములకే ఈ పేరు. అవి దురభిమానమును పోగొట్టునని ఒక పక్షము; తెల్లవారిని దోషులుగా నిలబెట్టునని వేరొక పక్షము. ఈ రెంటికంటె, పాఠము చెప్పించువారిని జనులు నమ్ముచున్నారా యనునదే ముఖ్యమని మా యభిప్రాయము.

2018 ఏప్రిల్ నెలలో ఫిలడెల్ఫియా నగరమందలి స్టార్‌బక్స్ కాఫీశాలలో ఏమియు కొనకుండ కూర్చుండిరని ఇద్దరు నల్లజాతి యువకులను పోలీసులచే పట్టించిరి. దేశమెల్ల అలజడి కాగా, ఆ కంపెనీ మే 29వ తేదీ మధ్యాహ్నము 8,000 శాఖలను మూసి సిబ్బందికి పాఠము చెప్పించెను. పశ్చాత్తాపము నిజమే కావచ్చును. కాని తరతరముల జాడ్యము ఒక పూటలో కుదురునా?

హార్వర్డు ఆచార్యుడు ఫ్రాంక్ డాబిన్, టెల్ అవీవ్ విశ్వవిద్యాలయమునకు చెందిన అలెగ్జాండ్రా కేలెవ్ 800కు పైబడిన సంస్థల ముప్పది యేండ్ల లెక్కలను పరిశీలించి 2016లో ఒక వ్యాసము ప్రకటించిరి. నిర్బంధ శిక్షణము పెట్టిన సంస్థలలో ఐదేండ్లకు అధికారులలో నల్లజాతి స్త్రీల పాలు పెరుగకపోగా సగటున 9 శాతము తగ్గెనట! చిన్న యుద్యోగులను చేరదీసి పని నేర్పు పెద్దలున్నచోట, నియామకములకు ఫలానివారు జవాబుదారులని తేల్చినచోట మేలు కనబడెను. బలవంతముగ కూర్చుండబెట్టి నీతి చెప్పినచో వినువాడు ఎదురుతిరుగుట సహజము. పైగా, వ్యాజ్యము వచ్చినప్పుడు కోర్టులో చూపుకొనుటకే ఈ తరగతులని ఉద్యోగులు అనుమానించిరి. ఆ యనుమానము నిరాధారము కాదు. తగిన జాగ్రత్త తీసికొంటిమని చూపిన యజమానికి లైంగిక వేధింపుల దావాలలో కొన్నిపట్ల రక్షణ కలదని 1998లో అచ్చటి సుప్రీంకోర్టు చెప్పియుండెను.

ఇక ప్రభుత్వముల సంగతి. 2020 సెప్టెంబరు 22న అధ్యక్షుడు ట్రంప్ ప్రభుత్వ కార్యాలయములలోను కంట్రాక్టర్ల సంస్థలలోను ఇట్టి బోధలు కొన్నింటిని నిషేధించెను. పుట్టుకనుబట్టి ఎవనిని దోషి యనరాదన్న అందలి మాటను మేమును కాదనము. బైడెన్ 2021 జనవరి 20న పదవి స్వీకరించిన దినమే దానిని రద్దుచేసెను. 2025 జనవరి 21న ట్రంప్ మరింత ముందుకు పోయి, కంట్రాక్టర్లు ఉద్యోగములలో భేదము చూపరాదని 1965లో జాన్సన్ ఇచ్చిన ఉత్తరువునే కొట్టివేసెను. 1964 నాటి పౌరహక్కుల చట్టము నిలిచియున్నది నిజమే. ఐనను పాఠమును ఆక్షేపింపబోయి పాఠము కాని రక్షణను తొలగించుట ఏమి న్యాయము? ఫ్లారిడాలో 2022లో చేసిన చట్టము యజమానులు నిర్బంధముగ చెప్పించు ఇట్టి బోధలను నిషేధింపగా, అది వాక్స్వాతంత్ర్యమునకు భంగమని అప్పీలుకోర్టు 2024 మార్చిలో నిలుపుదలను స్థిరపరచెను. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి ట్రంప్ నియమించినవారే! స్వేచ్ఛ పేరు చెప్పి నోరు కట్టువారిని మాత్రము ఎవరు నమ్ముదురు?

కంపెనీల నడత అంతకంటె శోచనీయము. 2020 మే 25న మినియాపొలిస్ నగరమున పోలీసుచేతిలో జార్జి ఫ్లాయిడ్ మరణించినప్పుడు ప్రతిజ్ఞలు చేయని పెద్ద సంస్థ అరుదు. ఆ నగరమే కేంద్రముగాగల టార్గెట్ సంస్థ 2025 జనవరిలో వెనుకకు తగ్గెను. మేటా అంతకు ముందే తగ్గెను. ఆ నెలలోనే కాస్ట్‌కో వాటాదారులు తమ విధానమును ప్రశ్నించిన తీర్మానమును 98 శాతమునకు పైగా ఓట్లతో త్రోసిపుచ్చిరి. గాలివాటమున పోనివారును కలరన్నమాట.

అచ్చటి కార్యాలయములలో తెలుగువారు వేలకొలది కలరు గనుక మనకును ఇందు పాలున్నది. సియాటిల్ నగరసభ 2023 ఫిబ్రవరిలో కులభేదమును నిషేధించెను. కాలిఫోర్నియా బిల్లును ఆ యేటి అక్టోబరులో గవర్నరు న్యూసమ్ తిరస్కరించెను. అక్కడి భారతీయులలో కొందరు ఈ యత్నములను స్వాగతించిరి. కొందరు తమ జాతిమీద అపనింద యని ఎదిరించిరి. తెల్లవాడు రంగును గూర్చి చెప్పిన మాటయే మనవాడు కులమును గూర్చి చెప్పుట చిత్రము కాదా!

100 మందికి తక్కువకాని సిబ్బందిగల సంస్థలు జాతి, లింగములవారీగా ఉద్యోగుల లెక్కను ప్రభుత్వమునకు సమర్పించుట 1966 నుండి వచ్చిన పద్ధతి. ఆ పట్టికలను కొన్ని సంస్థలు తమంతట ప్రకటించినవి, అనేకములు దాచుకొన్నవి. శిక్షణమును సమర్థించువారును, దానిని మాన్పించినవారును ముందు వానిని బయట పెట్టుడని యేల యడుగరు?