మన పేర్లు రాసిన రిజిస్టర్‌లోనే

‘ఇది పట్నపు రోగం, మన గూడేలకూ తండాలకూ సంబంధం లేదు.’ హిజ్రాల మాట వచ్చినా, ఆడపిల్లగా బతకాలనుకునే మగపిల్లవాడి మాట వచ్చినా మనలో చదువుకున్నవాళ్లే ఇచ్చే జవాబు ఇది. సంబంధం ఉందో లేదో చరిత్రనే అడుగుదాం.

1871 నేరస్థ తెగల చట్టం గురించి మనం ఎన్ని సభల్లో మాట్లాడలేదు! ఎరుకల తాతలను పుట్టుదొంగలుగా రాసి, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో కుక్కి హాజరు వేయించుకున్న చట్టాలకు మూలం అదే. కానీ అందులో రెండో భాగం ఎవరి మీదో మనం చెప్పం. అది హిజ్రాల మీద. చట్టం పేరులోనే తెగలూ వాళ్లూ పక్కపక్కన ఉన్నారు. ఇద్దరినీ ఒకే దొర, ఒకే కలంతో రిజిస్టర్‌కు ఎక్కించాడు.

నిజాం సర్కారు 1919లో (1329 ఫసలీ) అలాంటిదే ఒకటి తెచ్చింది.  ఆడబట్ట కట్టి, నగ పెట్టి వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. (ముద్ర పోయిందా అంటే, ఠాణాకు వెళ్లొచ్చిన ఎరుకల పిల్లగాణ్ని అడగండి.) నిజాం చట్టం మాత్రం తెలంగాణ వచ్చాక కూడా బతికే ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో హైకోర్టు తలుపు తడితే, 2023 జులైలో కోర్టు కొట్టేసింది. నూట నాలుగేళ్లు! ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డెక్కిన మనకు అది కనపడనే లేదు.

ఇక భాష. తెలుగులో ‘వచ్చింది’ అంటే ఆడమనిషీ, మేకా, బస్సూ ఒకటే. గోండిలోనూ, కోయలోనూ ఏకవచనంలో మగవాళ్లొక వైపు, మిగతా లోకమంతా ఒక వైపు. అయినా ‘వచ్చారు’ అనే మాట మన నోట్లోనే ఉంది. దానికి ఆడా మగా తేడా లేదు, గౌరవం ఒక్కటే కావాలి. అది వదిలి కొజ్జా, మాడా అంటాం. పత్రికలు ఇంకాస్త మర్యాదగా ‘స్వలింగ సంపర్కులు’ అంటాయి. ప్రేమ లేదు, తోడు లేదు, సంపర్కమే! మరి మన ఇంటి పెళ్లిపత్రికలో వధూవరులను ‘భిన్నలింగ సంపర్కులు’ అని అచ్చు వేయిద్దామా? 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు వాళ్ల ప్రేమ నేరం కాదన్నది. మన పదకోశం ఇంకా ఠాణాలోనే ఉంది.

సినిమా సంగతి చెప్పేదేముంది? ఆకులు కట్టించి, అర్థంలేని అరుపులు అరిపించి ఆదివాసీ అన్నవాళ్లే, చప్పట్లు కొట్టించి, నడుము తిప్పించి హిజ్రా అన్నారు. మొదటిదానికి మనకు కోపం వస్తుంది. రెండోదానికి ఈలేస్తాం.

మేడారంలో శివసత్తులతో పాటు హిజ్రాలు పూనకంతో ఊగితే కాళ్లు మొక్కుతాం. అదే మనిషి తిరుగు బస్సులో పక్క సీట్లో కూర్చుంటే లేచి నిలబడతాం. తల్లుల గద్దె దగ్గర ఉన్న సంస్కృతి బస్సెక్కగానే ఎటు పోయిందో!

సార్లూ, మేడమ్‌లూ, ఒక్కటడుగుతాను. మీ ఆశ్రమ పాఠశాలలో నడక వేరుగా ఉన్న బిడ్డకు హాజరుపట్టీలోని పేరు కంటే ముందు వెక్కిరింపు పేరు పడుతుంది. పిల్లలు నవ్వుతారు. కొన్ని చోట్ల సారు కూడా నవ్వుతాడు. ఎనిమిదికి వచ్చేసరికి ఆ బిడ్డ బడికి రాదు. ఆ లెక్క పట్టుకుని మనం ఐటీడీఏకు వినతిపత్రం ఇస్తాం. చదువు మాన్పించింది పేదరికమని రాస్తాం.