పాత ఆటకు ముందు సర్దుబాటు, ఆ తర్వాతే కొనుగోలు

ఎప్పుడో ఆడిన కంప్యూటర్ ఆటలను మళ్లీ ఆడాలనిపించగానే చాలామంది చూపు రంగు దీపాల కీబోర్డు మీదకో, ఖరీదైన మౌస్ మీదకో పోతుంది. ఇది వరస తప్పిన పని. పాత ఆటలకు శక్తి చాలక కాదు, ఎక్కువై ఇబ్బంది. 1990లో వచ్చిన వింగ్ కమాండర్‌నే తీసుకోండి. అప్పటి ప్రాసెసర్ వేగాన్ని నమ్ముకుని రాసిన ఆట అది. వేగవంతమైన 486 కంప్యూటర్ల మీదే శత్రునౌకలు గురిపెట్టేలోపు దాటిపోయేవి. మౌస్ సంగతీ అంతే. సెకనుకు వెయ్యిసార్లు కబురు పంపే నేటి మౌస్‌తో కొన్ని పాత ఆటలు తడబడతాయి. దాన్ని 125కి తగ్గిస్తే కుదుటపడతాయి.

ఈ చిక్కుల్లో చాలావాటికి మందు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. 2002లో వచ్చిన డాస్‌బాక్స్ ఉచితం. నేటి కంప్యూటర్‌లోనే అది పాత కంప్యూటర్‌ను నిలబెడుతుంది. కంట్రోల్ పట్టుకుని ఎఫ్11 నొక్కితే ఆట నెమ్మదిస్తుంది, ఎఫ్12 నొక్కితే వేగం పుంజుకుంటుంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా బొమ్మ 320×200 చుక్కలది, 4:3 తెర నిండా కనిపించాల్సింది. వెడల్పాటి తెరకు సాగదీస్తే పాపం రాకుమారుడు పొట్టిగా, లావుగా తేలతాడు. సెట్టింగుల ఫైలులో ‘ఆస్పెక్ట్’ పక్కన ‘ట్రూ’ అని పెడితే మళ్లీ సన్నబడతాడు. అదే ఆటలో కత్తి విసరడానికి షిఫ్ట్ కీ నొక్కాలి. పోరు మధ్యలో దాన్ని వరసగా ఐదుసార్లు కొడితే ‘స్టిక్కీ కీస్’ కావాలా అంటూ విండోస్ అడ్డొస్తుంది. వేలకు వేలు పోసి కొన్న కీబోర్డుకూ ఈ బెడద తప్పదు. యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఆ షార్ట్‌కట్ ఆపేస్తే పైసా ఖర్చు లేకుండా పోతుంది.

అసలు రుచి కావాలంటే అసలు యంత్రమే ఉండాలనేవారున్నారు. వారి మాటలో నిజముంది. పాత గాజుతెర మీద ఆ బొమ్మల అందమే వేరు. కానీ ఆ తెరలు పాడైతే బాగుచేసేవారు అరుదు, అందరి ఇళ్లలో వాటికి చోటూ ఉండదు. ఈ సెట్టింగుల తంటా ఎవరు పడతారన్నది మరో అభ్యంతరం. అలాంటివారికి తేలిక దారి ఉంది: వింగ్ కమాండర్‌ను గాగ్ ఆన్‌లైన్ దుకాణం డాస్‌బాక్స్‌తో కలిపే అమ్ముతోంది. డాస్‌బాక్స్ ఉచితమైనంత మాత్రాన ఆట ఉచితమైపోదు కాబట్టి, కాపీరైట్ దృష్ట్యా కూడా అదే మంచి దారి.

అయితే ఏమీ కొనొద్దని కాదు. ప్రిన్స్‌కు కీబోర్డే చాలు. వింగ్ కమాండర్‌లో అంతరిక్ష నౌకను తిప్పడానికి మాత్రం జాయ్‌స్టిక్‌కు సాటి లేదు. అటకమీది పాత జాయ్‌స్టిక్ పనికిరాదు: దాని 15 పిన్నుల గేమ్ పోర్టును విండోస్ విస్టాతోనే వదిలేసింది. ఇక్కడ యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌కు డబ్బు పెట్టడం దండగ కాదు. తీరా తెచ్చాక నౌక దానంతటదే ఒక పక్కకు ఒరిగిపోతుంటే, సరుకు వాపసు ఇచ్చేముందు డాస్‌బాక్స్ సెట్టింగుల్లో ‘టైమ్డ్’ను ‘ఫాల్స్’ చేసి చూడండి.