‘యామీన్’ శబ్దము – దక్షిణార్థ విచారము

హీబ్రూ భాషలోని ‘యామీన్’ శబ్దమునకు కుడిచేయి, కుడివైపు, దక్షిణదిక్కు అని మూడు ముఖ్యార్థములు కలవు. తెలుగు బైబిలులో ఈ శబ్దమునకు సందర్భానుసారముగా ‘కుడిచేయి’, ‘కుడిపార్శ్వము’, ‘దక్షిణహస్తము’ అను పదములు వాడబడినవి. ఇది కేవలము శైలీభేదమని తలచి, కుడి యన్నచోట నెల్ల శ్రేష్ఠతయే అర్థమని వ్యాఖ్యానించువారు కలరు. ఆ వ్యాఖ్య మూలభాషకు పొసగదు. తెలుగుదేశమునకు మేలు చేయదు.

ప్రాచీన హీబ్రూలు తూర్పుముఖముగా నిలిచి దిక్కులను గుర్తించిరి. ‘కెదెమ్’ అనగా ముందు, అదియే తూర్పు. ‘సెమోల్’ ఎడమ, అదియే ఉత్తరము. యామీన్ కుడి, అదియే దక్షిణము. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయమున పడమటి సముద్రమునకు మూలములో ఉన్న పేరు ‘వెనుకటి సముద్రము’. 89వ కీర్తనలో ఉత్తరదిక్కుతో జంటగా వచ్చిన యామీనునకు దక్షిణదిక్కు అనియే అర్థము. సంస్కృతమునను ప్రాచి ముందువైపు, పశ్చిమము వెనుకవైపు, దక్షిణము కుడివైపు. ఈ రెండు భాషలు వేర్వేరు కుటుంబములకు చెందినవి. ఒకదానినుండి మరియొకటి ఈ భావమును ఎరువు తెచ్చుకొన్నదనుటకు ఆవశ్యకత లేదు. ఉదయసూర్యునికి ఎదురుగా నిలిచిన మానవశరీరమే ఉభయత్ర ప్రమాణము. ఆంగ్లానువాదకునికి రెండు మాటలు కావలసిన చోట తెలుగువానికి దక్షిణశబ్ద మొక్కటియే చాలును. ఇది అనువాదమునకు లభించిన భాగ్యము.

అయినను కుడియు దక్షిణమును సర్వత్ర ఒక్కటి కావు. ఎడ్లసేద్యము నెరిగిన ఆస్పరి ప్రాంతపు మెట్టరైతునకు ఈ సూక్ష్మము సుపరిచితము. కాడికి కుడివైపున కట్టినది వలపటి ఎద్దు. ఎడమవైపున కట్టినది దాపటి ఎద్దు. తూర్పుగా సాగు సాలులో వలపటి ఎద్దు దక్షిణమున నుండును. గట్టుకడ మడక మళ్ళి పడమరగా సాగినప్పుడు అదే ఎద్దు ఉత్తరమున నుండును. అది వలపటిదే, దిక్కు మాత్రము మారినది. ఏ ముఖముగా నిలిచినారో తెలియనిదే కుడి యను మాటకు దిక్కు లేదు. మరియు వలపటిది గొప్పదని, దాపటిది తక్కువదని ఎంచి మేతలో భేదము చూపిన రైతునకు సాలు వంకర పోవును.

హీబ్రూ గ్రంథమునను కుడి యనునది నిత్యశ్రేష్ఠము కాదు. 110వ కీర్తనలో అది గౌరవాసనము. 109వ కీర్తనలో నేరము మోపువాడును కుడిప్రక్కనే నిలుచును. ఆ కీర్తన ముగియునప్పటికి దీనుని కుడిప్రక్కన దేవుడు నిలుచును. జెకర్యా గ్రంథము 3వ అధ్యాయమున ప్రధానయాజకునిపై ఫిర్యాదు చేయుటకు సాతాను నిలిచిన తావు కుడిపార్శ్వమే. బెన్యామీను అనగా ‘కుడిచేతి పుత్రుడు’. కాని న్యాయాధిపతులు 3వ అధ్యాయములోని ఏహూదు ఆ గోత్రమువాడయ్యును ఎడమచేతివాటము వాడు. 20వ అధ్యాయమున ఆ గోత్రమునందే గురితప్పని ఎడమచేతి వడిసెలకాండ్రు 700 మంది వర్ణితులు. ఏహూదు వలననే ఇశ్రాయేలీయులకు మోయాబు దాస్యము తొలగినది.

మన వాఙ్మయమునను ఇట్టిదే కలదు. ఎడమచేతను బాణము వేయగల అర్జునునకు సవ్యసాచి యనుట నింద కాదు, బిరుదము. ప్రదక్షిణమున దక్షిణము శుభము. యమదిశగా అదే దక్షిణము భయహేతువు. దక్షధాతువునకు వృద్ధి, సామర్థ్యము అర్థములు. కనుక దక్షిణహస్తమనగా సమర్థమైన చేయి. అలంకారశాస్త్రమున దక్షిణనాయకుడు పలువురు నాయికలయందు సమానాదరము చూపువాడు. సామర్థ్యము, సమత ఈ శబ్దమున నిమిడియున్నవి, పరతిరస్కారము లేదు.

ఈ విచారము నిఘంటువులతో ముగియునది కాదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనివి. కన్నడసీమతో వాటి సంబంధము నేటికిని తెగలేదు. ఆ సీమలో ‘బలగై’, ‘ఎడగై’ అనగా కుడిచేయి, ఎడమచేయి అనునవి కులవర్గముల పేర్లు. దక్షిణదేశమున పెక్కుచోట్ల ఈ విభాగము శతాబ్దములపాటు కలహములకు కారణమైనది. నేటికిని కర్ణాటకమున దళితులలోని రెండు సమూహములను ఈ పేర్లతో వ్యవహరింతురు. అట్టి ప్రాంతమున కుడి పావనము, ఎడమ హీనము అని బోధించిన యెడల వినువాడు దేవుని మాట వినడు. తన ఊరి పాత తగవునే మరల వినును. ఎడమచేత బలపము పట్టిన పిల్లవాని వ్రేళ్ళపై పడు దెబ్బకును ఇట్టి బోధయే బలము నిచ్చును.

మత్తయి సువార్త 25వ అధ్యాయమున గొర్రెలు కుడివైపున, మేకలు ఎడమవైపున నిలువలేదా యని ఆక్షేపింపవచ్చును. నిలిచినవి. కాని అచట తీర్పునకు హేతువు ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట, పెట్టకపోవుట. నిలిచిన వైపు కాదు. వైపు తీర్పునకు గుర్తు మాత్రమే.

కావున దిక్కు చెప్పునప్పుడు దక్షిణమనియు, బలము చెప్పునప్పుడు దక్షిణహస్తమనియు, స్థానము చెప్పునప్పుడు కుడిపార్శ్వమనియు వాడుట యుక్తము. దక్షిణ యనగా సంభావనయే యని తలచు సామాన్యపాఠకునికి అర్థభేదమును విప్పి చెప్పుట బోధకుని విధి. కాడికి వలపట దాపట రెండును కావలెనని ఎరిగిన రైతునకు ఈ మాట బోధపడుట కష్టము కాదు.