ముప్పు లెక్కలో మన వాడ యాడుంది?

2021 నవంబరు 19. తెల్లవారే వేళ చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. అంతకుముందే పైన పింఛ కట్ట తెగింది. రాజంపేట దగ్గర పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మీద నీళ్లు పడినాయి. ముప్పైమందికి పైగా పోయినారు. ప్రాజెక్టు ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు.

దీన్ని ప్రకృతి వైపరీత్యం అంటే సరిపోతుందా? వాన ప్రకృతిదే. గేటు ప్రకృతిది కాదు. ఊరు మెరక మీద, వాడ పల్లంలో ఉండటమూ ప్రకృతి పని కాదు.

ముప్పును ముందే లెక్కగట్టే నిపుణులు ఉన్నారు. ప్రభుత్వాలకూ ఇన్సూరెన్సు కంపెనీలకూ పనిచేస్తారు. ఆపద ఎంత పెద్దది, ఎన్నేండ్లకొకసారి వస్తుంది; దాని దారిలో ఏముంది; ఆ ఉన్నది దెబ్బకు ఎంత తట్టుకుంటుంది - ఈ మూడూ కలిపి చూస్తారు. మనకు పనికొచ్చే విద్యే. ‘వందేండ్ల వరద’ అంటే ఒకసారొస్తే నూరేండ్లు రాదని కాదు. ఏటా నూటికి ఒక వంతు రావచ్చునని. ముప్పైయేండ్లు ఒకే కొట్టంలో బతికేవానికి అది ఎదురయ్యే అవకాశం నాలుగో వంతుకు పైనే.

తిరకాసు నష్టాన్ని రూపాయల్లో కొలిచేకాడ ఉంది. మిద్దె కూలితే లక్షలు. వంక ఒడ్డున కొట్టం పోతే వేలు. రెండు మేకలు, పిల్లోని బడి సర్టిఫికెట్లు, నెల కూలి ఏ గడిలో రాస్తారు? కౌలుకార్డు లేనివాని పంటనష్టం పట్టాదారు పేరున పోతుంది. లెక్కలో మన నష్టం తక్కువ గనక, రక్షణ ఖర్చులో మన వాడ చివర నిలబడుతుంది.

బద్వేలు సీమలో మనం కరువునే ఆపద అనుకుంటాం. కానీ సగిలేరుంది, పెద్దచెరువుంది, పక్కనే 17 టిఎంసీలు పట్టే బ్రహ్మంసాగర్ ఉంది. చెయ్యేరు కూడా ఎండాకాలం ఉత్త ఇసుకే గదా!

2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం పెద్ద డ్యాములన్నిటికీ ముప్పు అంచనా, అత్యవసర ప్రణాళిక ఐదేండ్లలో తయారు కావాల. అంటే 2026 డిసెంబరు గడువు. ఆ కాగితం మనం అడగాల. కట్ట తెగితే నీళ్లు ఏ వాడకు ఎంతసేపట్లో వస్తాయి? రాత్రిపూట చాటింపు ఎవరు వేస్తారు? మెరక మీది బడి తాళం ఎవరి చేతిలో ఉంది? వాడవాళ్లకు ఆ తలుపు తీస్తారా?

అన్నల్లారా, అక్కల్లారా! సంఘం కూర్చొని మన లెక్క మనమే రాయాల. మట్టిగోడల ఇండ్లెన్ని, నడవలేని ముసలోళ్లెందరు, బాలింతలెందరు, పోయినసారి నీళ్లు ఏ గడపదాకా వచ్చినాయి - అంతా రాయాల. గ్రామసభలో చదివి తీర్మానం చేయించాల. తహసీల్దారుకిచ్చి రసీదు తీసుకోవాల.

శవాలను లెక్కపెట్టే సర్కారు చేత, బతికున్న మనుషులను ముందే లెక్కపెట్టించాల.