ప్రసార వణిక్సంఘాలూ, కట్టుబాటూ

కాకతీయుల నాటి శాసనాలలో వర్తక సంఘాలకు ‘పెక్కండ్రు’, ‘సమయము’ అనే పేర్లు కనబడతాయి. సమయమంటే కాలమొక్కటే కాదు. ఒట్టు, కట్టుబాటు అనీ అర్థాలున్నాయి. (ఈ పదం వెంట నడిస్తే అసలు సంగతి అటకెక్కుతుంది, ఆపుతాను.) నేటి టీవీ యజమానుల సంఘాలను తలచినప్పుడల్లా నాకీ రెండో అర్థమే గుర్తుకొస్తుంది.

వార్తావాహినులవారు 2007లో న్యూస్ బ్రాడ్‌కాస్టర్స్ అసోసియేషన్‌ను స్థాపించుకొన్నారు. 2008లో జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఫిర్యాదులు విచారించే సంస్థనూ ఏర్పరచుకొన్నారు. సర్కారు కత్తెర పడకముందే తమ గోళ్ళు తామే కత్తిరించుకోవాలన్న ఆలోచన మంచిదే. అయితే అప్పట్లో గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు!

మన హైదరాబాదు ఉదాహరణే చూడండి. 2011 ఫిబ్రవరిలో టీవీ9 స్వలింగ ప్రియులపై ఒక కథనం ప్రసారం చేసింది. ఎవరికీ ఏ హానీ చేయని వ్యక్తుల ఆంతరంగిక జీవితాన్ని ఊరంతటి ముందూ ఆరబెట్టింది. మార్చిలో ఆ సంస్థ లక్ష రూపాయల జరిమానా విధించి, క్షమాపణ ప్రసారం చేయమన్నది. తీర్పు సబబే. కాని ఇంట్లోవారి ముందు తలెత్తుకోలేకపోయిన మనిషికి ఆ లక్షతో ఒరిగేదేమిటి?

పైగా శిక్ష నచ్చకపోతే సంఘం గడప దాటవచ్చును. 2009లో జరిమానా పడిన ఒక హిందీ వాహిని అలాగే అలిగి వెళ్ళి, పిమ్మట తిరిగి వచ్చింది. 2019లో మరికొందరు వేరుకుంపటిగా న్యూస్ బ్రాడ్‌కాస్టర్స్ ఫెడరేషన్‌ను పెట్టుకొన్నారు. 2021 నాటి కేబుల్ టీవీ నియమాలు ఇటువంటి స్వీయనియంత్రణ సంస్థలను ఫిర్యాదుల పరిష్కారంలో రెండో మెట్టుగా గుర్తించాయి. మూడో మెట్టు మీద కేంద్ర ప్రభుత్వం కూర్చున్నది. నాకు జంకు కలిగించేది ఆ మూడో మెట్టే. రెండోది పుచ్చిపోతే భారమంతా దానిమీదే కదా పడేది!

సంఘాలు వద్దని నేననను. చందా రేట్ల గురించీ, పన్నుల గురించీ ప్రభుత్వంతో మాట్లాడేందుకు వ్యాపారులకు ఒక వేదిక ఉండవలసిందే. కాని సభ్యుల లాభాన్ని కాపాడే చేతికే సభ్యులను దండించే బెత్తమూ ఇస్తే, దెబ్బ మెత్తగానే పడుతుంది. బడిలో ఉద్యోగం చేసినవాణ్ణి, బెత్తం సంగతి నాకు తెలుసును. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు సైతం ఈ లక్ష రూపాయల మొత్తాన్ని ఆక్షేపించి, జరిమానా ఆ కార్యక్రమపు లాభానికి తగినట్లుండాలని అభిప్రాయపడింది.

గాలితరంగాలు ప్రజల ఆస్తి అని అదే న్యాయస్థానం 1995లోనే చెప్పింది. ఆ ఆస్తిమీద వ్యాపారం చేసేవారి తీర్పరులలో యజమానుల కన్న ప్రేక్షకులే ఎక్కువమంది ఉండాలి. తెలుగు వాహిని తప్పు చేస్తే క్షమాపణ తెలుగులో, తప్పు చేసిన వేళకే, అంతే నిడివితో రావాలి.