ఐసు ఇంట్లోదే... మరి నీళ్లు?

మార్చి దాటితే చాలు, హిందూపురం బజారులో షర్బత్ బండ్ల మీదికి గోనెపట్టాలో చుట్టిన ఐసుగడ్డ వచ్చేస్తుంది. నాలుగు దెబ్బలు కొట్టి ఆ ముక్కల్ని నన్నారిలో వేసి, నిమ్మకాయ పిండి ఇస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ గడ్డ ఏ నీళ్లతో కట్టిందో తాగేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలని 2018లో దేశంలోని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. గోనెపట్టా కింద ఏ రంగుందో ఎండలో నిలబడి చూసే ఓపిక ఎవరికుంటుంది!

ఈ అనుమానాలన్నింటికీ విరుగుడుగా వచ్చిందే ఇంట్లో పెట్టుకునే ఐసు యంత్రం. మూత తీసి ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు పోసి మీట నొక్కితే, పది నిమిషాలు అటూ ఇటూగా తొమ్మిది ముక్కలు బుట్టలో రాలతాయి. ఫ్రిజ్ ట్రేలో అయితే నాలుగు గంటలు ఆగాలి. ధర్మవరంలో పెళ్లి పట్టుచీరలకని వచ్చిన కుటుంబం దుకాణంలో కూర్చుంటే ఒక పట్టాన లేవదు. పదిమందికీ చల్లగా ఏదో ఒకటి ఇవ్వకపోతే మర్యాద కాదు. అలాంటిచోట ఈ యంత్రం విలువ తెలుస్తుంది. కాకపోతే ఇది ఐసు చేస్తుందే గానీ దాచదు. బుట్టకు చల్లదనం ఉండదు కాబట్టి ముక్కల్ని ఎప్పటికప్పుడు ఫ్రీజర్లోకి మార్చుకోవాలి. లేదంటే కరిగి మళ్లీ కింది ట్యాంకులోకే చేరతాయి.

అసలు సంగతి ఆ ట్యాంకులోనే ఉంది. పంపు అందులోని నీటిని పైనున్న పళ్లెంలోకి తోడుతుంది. వేళ్లలాంటి లోహపు కడ్డీలు ఆ నీళ్లలో మునిగి ఉంటాయి. వాటి చుట్టూ ఐసు పేరుకుంటుంది. నీరు గడ్డకట్టేటప్పుడు తనలో కరిగిన లవణాలను చాలావరకు బయటికి నెట్టేస్తుంది. అవన్నీ మిగిలిన నీళ్లలో ఉండిపోతాయి. పళ్లెం వంగగానే ఆ నీళ్లు తిరిగి ట్యాంకులోకి పోతాయి. మనం తగ్గినంత మేరకు మళ్లీ పోస్తూ ఉంటాం. పప్పుచారు ఇంకిపోతుంటే నీళ్లు పోసినట్టే. ఉప్పు ఎక్కడికీ పోదు, పైగా పోసిన ప్రతిసారీ కొంత చేరుతుంది. నాలుగు రోజులు ఇలా నడిస్తే మొదట పోసిన నీళ్లు వేరు, లోపలున్నవి వేరు.

మన ప్రాంతంలో దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. చాలాచోట్ల బోరు నీళ్లు కఠినం. కొన్నిచోట్ల ఫ్లోరైడ్ కూడా ఉంది. తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకపోవడం మంచిదని జాతీయ ప్రమాణం. వేరే దారి లేనప్పుడు 2000, 1.5 దాకా ఫర్వాలేదంటుంది. పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లు వచ్చినా, వేసవిలో బోరును, ట్యాంకరును నమ్ముకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బోరు నీళ్లే పోస్తే కడ్డీలకు తెల్లటి పొలుసు పట్టి, ముక్కలు సన్నబడి, చివరికి పంపు మొరాయిస్తుంది.

క్యాను నీళ్లు పోస్తే? పొలుసు బాధ తప్పుతుంది, పాచి బాధ తప్పదు. రెండు మూడు రోజులు కదలని నీళ్లు ఏవైనా జిగటపడతాయి. గడ్డకడితే క్రిములు చస్తాయన్నది భ్రమ. టైఫాయిడ్, విరేచనాలు తెచ్చేవి ఐసులో నిద్రపోతాయి, గ్లాసులో లేస్తాయి. రాత్రి పని కాగానే కింది బిరడా తీసి ట్యాంకును ఖాళీ చేసి, మూత తెరిచి ఆరనివ్వాలి. వారానికోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు తొలిచి, తరవాత వచ్చే మొదటి వాయి ముక్కల్ని పారబోయాలి. హిందూపురం చింతపండు ఇత్తడి బిందెను ఎంత మెరిపించినా దీని జోలికి తేవద్దు!

బెంగళూరులో కొని రైల్లో తెచ్చేవారికి ఇంకో మాట. సీటు కింద అడ్డంగా పడుకోబెట్టి తెచ్చిన యంత్రాన్ని ఇంటికి రాగానే ఆన్ చేయకూడదు. కంప్రెసర్‌లోని నూనె కిందికి దిగేదాకా నిలబెట్టి ఉంచాలి. ఎన్ని గంటలన్నది కంపెనీ పుస్తకంలో ఉంటుంది. చాలావాటిలో చల్లబరిచే వాయువు ఐసోబ్యూటేన్. వంటగ్యాసుకు దగ్గరి చుట్టం, మండే గుణం ఉన్నదే. ఉండేది కొద్ది గ్రాములే అయినా, పొయ్యి పక్కన పెట్టడం, ఇరుక్కున్న ఐసును చాకుతో పొడవడం పనికిరాదు. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి.

చేతికి అందేంత దూరంలో ఎప్పుడూ ఐసు ఉంటే ఇంట్లో ఎవరెన్ని నమిలారో లెక్క తెలియదు. అదేపనిగా ఐసు కొరకాలనిపిస్తుంటే, అందులోనూ ఆడవాళ్లకు, అది ఒంట్లో ఇనుము తక్కువైందనడానికి గుర్తు కావచ్చు. పళ్లు పాడవుతాయని కసురుకునే ముందు ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.